పొలం పనికి మనుషులు ఏమయ్యారు? వ్యవసాయ కూలీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్లు మొదలైతే చాలు, ఏ ఊళ్లో చూసినా ఒకటే గోల: కూలీలు దొరకట్లేదు. అదే ఊళ్లో కూలికి పోయే వాళ్లనడిగితే ఏడాదిలో సగం రోజులు పని లేదంటారు. రెండూ నిజమే, ఒకళ్లు నిజం చెప్తే ఇంకొకళ్లు అబద్ధం చెప్తున్నట్టు కాదు. ఎలాగో కింద చూడండి.

అసలు మన దగ్గర రైతులు ఎక్కువా, కూలీలు ఎక్కువా?

కూలీలే, అదీ కాస్తో కూస్తో తేడా కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కూలీలు దాదాపు 1.7 కోట్లు, సొంతంగా సాగు చేసుకునేవాళ్లు 65 లక్షల దాకా తేలారు. అంటే ఒక్కో రైతుకి ఇద్దరున్నర మంది పైచిలుకు కూలీలు. దేశం మొత్తం మీద ఈ తేడా ఇంత లేదు గానీ పోకడ అదే. 1951లో సాగుదారులు 7 కోట్ల దగ్గర ఉంటే కూలీలు 2.7 కోట్లే. 2001కి 12.73 కోట్లు, 10.68 కోట్లు అయ్యారు. 2011కి వచ్చేసరికి సాగుదారులు 11.88 కోట్లకి తగ్గి, కూలీలు 14.43 కోట్లకి పెరిగారు. కూలీల లెక్క రైతుల లెక్కని దాటిపోయింది అప్పుడే.

ఇంకో సంగతి. జనాభా లెక్కలవాళ్లు అడిగేది ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ పని చేశావని. ఎకరం చెక్క ఉండి మిగతా రోజులంతా కూలికి పోయే మనిషి కూలీ కిందే లెక్కకొస్తాడు. ఊళ్లో అతన్ని రైతు అనే పిలుస్తారు, పాస్‌బుక్ కూడా ఉంటుంది. కాబట్టి ఈ రెండు గీతల మధ్య మరీ గట్టి గోడ ఉందనుకోవద్దు.

అంతమంది ఉంటే నాట్లప్పుడు ఎందుకు దొరకరు?

అందరికీ ఒకేసారి కావాలి కాబట్టి. ఒకప్పుడు చెరువు నిండినప్పుడు ఆ చెరువు కింద నాట్లు పడేవి, పక్క ఊరి చెరువు పది రోజుల తర్వాత నిండితే అక్కడ అప్పుడు పడేవి. కూలీల గుంపు ఆ ఊరి నుంచి ఈ ఊరికి తిరిగేది. ఇప్పుడు బోర్లు, కాలువలు, లిఫ్టులు వచ్చి మండలం మండలమంతా ఒకేసారి దమ్ము (నీళ్లు పెట్టి మడిని బురదగా దున్నడం) చేస్తోంది. తెలంగాణలో 2024 వానాకాలం వరి 66 లక్షల ఎకరాలు దాటింది. రాష్ట్రం వచ్చినప్పటి విస్తీర్ణానికి అది రెండింతల పైనే. నారు ఇరవై అయిదు, ముప్పై రోజుల్లో పీకి నాటెయ్యాలి, ముదిరితే పిలకలు రావు, దిగుబడి పడిపోతుంది. ఇంత వరి రెండు మూడు వారాల్లో నాటాలంటే ఉన్న చేతులు సరిపోవు. ఆ మూడు వారాలు రైతుకి టెన్షన్, కూలికి గిరాకీ.

ఆ మూడు వారాలు అయ్యాక? వరిలో కలుపుకి మందు కొడతారు, కోతకి మిషన్ వస్తుంది. నాటు వేసిన మనిషిని మళ్లీ ఆ పొలానికి పిలిచేది దాదాపు లేదు. కూలి రేటు పెరిగింది, కూలి దొరికే రోజులు తగ్గాయి. పాత పద్ధతిలో వరి అంటే నాటు, రెండు కలుపులు, కోత, కట్టలు కట్టడం, కుప్ప, నూర్పిడి. ఒక్క ఎకరమే ఒక ఇంటికి చాలా రోజుల తిండి. ఇప్పుడు రైతు చూసేది ఆ మూడు వారాల రేటు, కూలి చూసేది మిగతా పది నెలల ఖాళీ. అందుకే రచ్చబండ దగ్గర ఈ రెండు మాటలూ ఎప్పటికీ కలవవు.

ఉపాధి హామీ వల్లే కూలీలు పాడైపోయారంటారు. నిజమేనా?

ఈ మాట ఎక్కువగా వినబడేది పది ఎకరాల పైన ఉన్నవాళ్ల దగ్గరే. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దాని పనులు ఎక్కువగా నడిచేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎండాకాలంలో, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు. నాట్లకీ దానికీ పోటీ అనుకున్నంత ఉండదు. రేటు చూడండి: తెలుగు రాష్ట్రాల్లో 2024-25లో రోజుకి 300, 2025-26లో 307 రూపాయలు. నాట్ల సీజన్‌లో అంతకంటే చాలా ఎక్కువ ఇచ్చే పొలం ఉండగా 307 కోసం మట్టి తవ్వే మనిషి ఎవరు?

అది చేసిన మేలు వేరు. దానికంటే తక్కువ ఇస్తానంటే పొలానికి ఎవరూ రాకుండా పోయారు. ముఖ్యంగా ఆడవాళ్లకి, మగవాళ్లతో సమానంగా అదే రేటు, డబ్బు సొంత ఖాతాలో పడటం, అడిగే ధైర్యం. కొందరికి నచ్చనిది ఇదే అని నా అనుమానం.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. జీ రామ్ జీ అని పిలుస్తున్నారు కదా, అది. 100 రోజుల బదులు 125 రోజులు. కానీ విత్తనాలు, కోతల కాలంలో రాష్ట్రం ప్రకటించే 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టారు. రైతుల నుంచి వచ్చిన ఒత్తిడి ఎక్కడ పనిచేసిందో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆ 60 రోజులు కూలికి బేరమాడే బలం తగ్గుతుంది, ఎందుకంటే వద్దంటే పోవడానికి ఇంకో చోటు ఉండదు.

బీహార్ వాళ్లు మన మడుల్లోకి ఎలా వచ్చారు?

ఉత్తర తెలంగాణ మగవాళ్లు దుబాయ్, మస్కట్ పోయారు, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు చాలా ఇళ్ల నుంచి ఒకరన్నా గల్ఫ్‌లో ఉంటారు. మిగిలినవాళ్లు హైదరాబాద్‌లో డ్రైవర్లు, సెక్యూరిటీ, మేస్త్రీ పనులు. ఇక్కడ ఖాళీ అయిన చోటికి బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నాయి. మొదట్లో రైస్ మిల్లుల్లో హమాలీలుగా వచ్చినవాళ్లే తమ ఊరివాళ్లని పిలిపించారని మా ఖమ్మం వైపు మేస్త్రీలు చెప్తారు.

వాళ్లు నాటేటప్పుడు చూస్తే తేడా తెలుస్తుంది. పది పన్నెండు మంది మగవాళ్లే, మనవైపు నాటు ఆడవాళ్ల పని అనుకుంటాం కదా, వాళ్లకి ఆ పట్టింపు లేదు. నారు పీకడం, మోయడం, పరచడం, నాటడం అన్నీ వాళ్లే. తెల్లారకముందే మడిలో దిగి చీకటిపడే దాకా ఉంటారు, మధ్యాహ్నం మోటారు షెడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం, ఆలుగడ్డ కూర. లెక్క రోజుకి కాదు, ఎకరానికి. ఈ మధ్య ఎకరం అయిదు వేల చుట్టుపక్కల నడుస్తోంది, నీళ్లు, ఊరు, సీజన్‌ని బట్టి అటూ ఇటూ. కట్టెలు, ఉండటానికి చోటు రైతు చూడాలి. మన ఆడకూలీల గుంపు ఆటో కిరాయితో కలిపితే దాదాపు అంతే పడుతుంది గానీ, వీళ్లు ఆదివారం, పెళ్లి, బోనాలు అనరని రైతులు వీళ్ల వైపు మొగ్గుతున్నారు. ఊరి ఆడవాళ్లకి ఇది కడుపు మంట, అందులో అన్యాయం ఏమీ లేదు. సీజన్‌లో వాళ్లకి నాలుగు డబ్బులు వచ్చే ఒక్క పనీ పోతోంది.

మిర్చి కోతలకి వచ్చేదెవరు?

మన తోటల్లో మిర్చి కోతకి ఇప్పటికీ మిషన్ దిగలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో తోట మూడు నాలుగు సార్లు కొయ్యాలి, కాయ కాయా చేత్తోనే. మందులు, ఎరువులతో పోటీపడే ఖర్చు ఇదే. గుంటూరు, పల్నాడు వైపు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాన మీద బతికే పల్లెలవి, సంక్రాంతి దాటితే కొన్ని ఊళ్లలో ముసలివాళ్లు తప్ప ఎవరూ కనబడరు. పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. అయినా కొంతమంది పిల్లలు తోటల గట్ల మీదే తమ్ముళ్లని ఆడిస్తూ కనిపిస్తారు.

ఖమ్మం, భద్రాద్రి, ములుగు వైపు వచ్చేది ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు. గట్టు మీద పరదా గుడిసెలు, వారానికోసారి సంత. కొన్ని చోట్ల కూలి డబ్బుకి బదులు మిర్చే కొలిచి ఇచ్చే అలవాటు ఉంది. ధర బాగున్న ఏడు లాభం, పడిపోయిన ఏడు మూట మోసుకుని వెళ్లడమే. 2020 లాక్‌డౌన్‌లో ములుగు మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచిపోతూ పన్నెండేళ్ల అమ్మాయి దారిలోనే చనిపోయింది. ఆ వార్త వచ్చాక గానీ మన కారం వెనక ఇంత దూరం నుంచి వచ్చే పిల్లలున్నారని చాలామందికి తెలియలేదు.

పాలమూరు లేబర్ అనేవాళ్లు కదా, వాళ్లు ఏరి?

పాలమూరంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. అక్కడి నుంచి కూలికి వలస ఇంకా పోతున్నారు, కానీ ముందంత కాదు. నీళ్లొచ్చిన మండలాల్లో వాళ్ల చేలకే కూలీలు కావాల్సి వస్తోంది. పత్తి తీతకి గద్వాల, మహబూబ్‌నగర్ వైపు కర్నూలు నుంచి, కర్ణాటక రాయచూరు నుంచి మనుషులు వస్తున్నారు. వలసకి పేరుపడ్డ జిల్లాకే వలస కూలీలు.

పొలాల్లో ఎక్కువగా ఆడవాళ్లే కనిపిస్తున్నారేంటి?

మగవాళ్లు టౌనుకి పోతారు, అడ్డా మీద నిలబడితే మేస్త్రీ పనికి పొలం కంటే ఎక్కువొస్తుంది. ఇంటినీ పిల్లల్నీ బర్రెనీ వదిలి పోలేని మనిషికి మిగిలింది ఊరి పొలమే. కేంద్రం 2023-24 శ్రామిక సర్వే ప్రకారం పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి 77 మంది వ్యవసాయంలోనే ఉన్నారు, మగవాళ్లలో 49 మంది. వ్యవసాయం వదిలి పోతున్నది మగవాళ్లు, ఆడవాళ్లు కాదు.

ఆడవాళ్లకి కూలి తక్కువెందుకు?

వాళ్లది తేలిక పని అంటారు. రోజంతా నడుం వంచి బురదలో నాటడం తేలికట, గట్టు మీద నిలబడి నారు కట్టలు విసరడం బరువట! సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, పల్లెల్లో దాని పేరు కూడా చాలామందికి తెలియదు. రేటు ఎకరం లెక్కకి మారిన చోట మాత్రం ఈ తేడా కొంత తగ్గింది, గుంపులో అందరూ సమానంగా పంచుకుంటారు కాబట్టి.

రోజు కూలి మేలా, గుత్త మేలా?

గుత్త అంటే ఎకరానికి ఇంత అని మొత్తం పని ఒప్పుకోవడం. రైతుకి గుత్తే మేలు, వెనక నిలబడి కాపలా కాయక్కర్లేదు. కూలికి మాత్రం మనిషిని బట్టి. చురుకైన పది మంది పొద్దున్నే ఆరింటికి దిగి మధ్యాహ్నానికల్లా ఎకరం ముగించి ఇంకో చోటికి పోతారు, డబ్బు బాగానే వస్తుంది. కానీ యాభై దాటినవాళ్లని, బాలింతల్ని గుత్త గుంపులో చేర్చుకోరు. రోజు కూలిలో వాళ్లకీ ఒక చోటు ఉండేది.

దీని చుట్టూ ఇంకో మనిషి తయారయింది: గుంపు మేస్త్రీ. చాలా ఊళ్లలో ఆడమనిషే. ముందురోజు రాత్రి రైతులతో ఫోన్‌లో బేరం తేలుస్తుంది, ఆటో మాట్లాడుతుంది, ఎవరెవరు వచ్చారో నోట్‌బుక్‌లో రాస్తుంది. బేరంలో అసలు పేచీ కూలి దగ్గర కాదు, ఆటో కిరాయి దగ్గర. పది కిలోమీటర్ల పైన అయితే రైతే పెట్టుకోవాలంటుంది ఆవిడ, సగం సగం అంటాడు ఈయన. తేలకపోతే ఆటో వేరే పొలానికి పోతుంది. ఆమెకి ఒక మనిషి కూలి అదనంగా ఇవ్వడమో, తలకి ఇంత అని తీసుకోవడమో ఉంటుంది. దాని మీద గుంపులో గొణుగుళ్లూ ఉంటాయి.

మిషన్లు వచ్చాక కూలీల పని పోయినట్టేనా?

వరి కోతలో పోయింది. బురదలో కూడా దిగే చైన్ మిషన్ వచ్చాక ఎకరం గంట ఆ చుట్టుపక్కల అయిపోతుంది. గడ్డి ముక్కలైపోయి పశువులకి దక్కేది తగ్గింది. అందుకని గడ్డి చుట్టలు కట్టే మిషన్ ఇంకోటి వచ్చింది, దానికీ డబ్బు.

నాట్లలో అంత తొందరగా పోదు. నాటు మిషన్‌కి ట్రేలలో నారు పెంచాలి, మడి అద్దంలా చదునుగా ఉండాలి. చిన్న చిన్న మడులున్న చోట అది తిరగడానికే చోటు చాలదు. మన సగటు కమతం ఆంధ్రలో 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు, అదీ రెండు మూడు ముక్కలుగా. దానికంటే వెదజల్లే పద్ధతి బాగా పాకుతోంది: నారు లేదు, నాటు లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. కలుపు మాత్రం విపరీతం.

పత్తి తీత, మిర్చి కోత, కూరగాయలు, పూలు, వీటికి ఇప్పటికీ చేతులే దిక్కు. మన పత్తి ఒకేసారి పగలదు, విడతలు విడతలుగా తియ్యాలి, పెద్ద దేశాల్లో వాడే మిషన్లు ఇక్కడి చేలకి సరిపోవు.

డ్రోన్ల సంగతి?

మందు కొట్టడానికి మనిషి దొరకడం అన్నిటికంటే కష్టమైపోయింది. ఎవరైనా వీపు మీద పంపు వేసుకుని విషం పీల్చడానికి ఎందుకొస్తారు? డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల్లోపు కొట్టేస్తుంది, పది లీటర్ల నీళ్లు చాలు. నమో డ్రోన్ దీదీ కింద 15,000 మహిళా సంఘాలకి 80 శాతం సబ్సిడీతో ఇవ్వాలని కేంద్రం 2023 చివర్లో నిర్ణయించింది. దీనివల్ల కూలి పోయిందని ఏడ్చేవాళ్లని నేను చూడలేదు.

కలుపుకి మనుషులు దొరకకపోతే ఏం చేస్తున్నారు?

గడ్డి మందు. పత్తిలో అయితే ఇది ఇంకా ముదిరింది. గడ్డి మందు కొట్టినా చావని పత్తి విత్తనం, బయట బీటీ-3 అని అమ్మేది, దానికి అనుమతి లేదు. అయినా ఏటా దొంగచాటుగా వస్తూనే ఉంది, పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు. రైతు ఎందుకు కొంటున్నాడంటే కలుపు తీతకి అయ్యే ఖర్చు అంత భయపెడుతోంది కాబట్టి. నకిలీ విత్తనం అని కేసులు పెట్టేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. అయితే కలుపు తీత పోతే ఊరి ఆడవాళ్లకి వానాకాలం మధ్యలో దొరికే పని పోయినట్టే.

జీతగాళ్లు, పాలేర్లు ఇంకా ఉన్నారా?

ఏడాది జీతానికి ఉండటం దాదాపు పోయింది, పోయి మంచిదే అయింది. అప్పు తీర్చలేక కొడుకుని జీతానికి పెట్టే రోజులు చాలా ఇళ్లలో పెద్దవాళ్లకి ఇంకా గుర్తే. వెట్టి నిషేధ చట్టం 1976లో వచ్చింది గానీ, చట్టం కంటే ఎక్కువగా పని చేసింది ఎడ్లు పోయి ట్రాక్టర్లు రావడం, పిల్లలు బడికి పోవడం, బస్సెక్కితే హైదరాబాద్‌లో పని దొరకడం. ఇప్పుడు నెల జీతానికి దొరికేది ట్రాక్టర్ డ్రైవర్, లేదంటే ఫామ్‌హౌస్ వాచ్‌మన్.

జనం వ్యవసాయం వదిలేస్తున్నారంటారు, సర్వేలేమో పెరిగారంటున్నాయి. ఏది నమ్మాలి?

పనిచేసేవాళ్లలో వ్యవసాయం వాటా 2004-05లో 58 శాతం పైన ఉండి, 2018-19కి 42.5 శాతానికి దిగింది. తర్వాత కరోనా. టౌన్ల నుంచి ఊళ్లకి చేరినవాళ్లతో 46.5 దాకా ఎక్కింది, 2023-24లో కూడా 46.1 దగ్గరే ఉంది. వ్యవసాయం బాగుండి వచ్చినవాళ్లు కారు, బయట గట్టి పని దొరక్క వచ్చినవాళ్లు. వీళ్లలో చాలామంది సొంత చేలో ఇంటివాళ్లతో కలిసి చేసే ఆడవాళ్లు. నాట్లకి పిలిస్తే దొరికే కూలీలు వీళ్లే అనుకుంటే పొరపాటు.

రైతు కూడా కూలికి పోతాడా?

బాగా పోతాడు. 2018-19 కేంద్ర సర్వేలో రైతు కుటుంబం నెల ఆదాయం సగటున 10,218 రూపాయలు వచ్చింది. అందులో పంట మీద 3,798, కూలి, జీతాల మీద 4,063. అంటే రైతు అని లెక్కకొచ్చిన ఇంటికి కూడా పంటకంటే కూలే ఎక్కువ ఇస్తోంది. ఆంధ్రలో అయితే కౌలు మరీ ఎక్కువ, కూలి చేసుకుంటూనే రెండెకరాలు కౌలుకి పట్టేవాళ్లు వీధికి పది మంది. కౌలు కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, యజమాని పెట్టడు, బ్యాంకు అప్పు రాదు. మళ్లీ వడ్డీ వ్యాపారే.

రైతు ఆత్మహత్యలు అని పేపర్లో చదివేటప్పుడు ఒకటి చూడండి: 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్లలో 11,290 మంది ప్రాణం తీసుకుంటే, అందులో 6,083 మంది కూలీలు. సగానికి పైన. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

కూలీలకి ప్రభుత్వం ఏమిస్తుంది?

భూమికి ఇచ్చినంత మనిషికి ఇవ్వదు. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకి. తెలంగాణ రైతు బంధు 2018 నుంచి భూమి లెక్కనే. ఇప్పుడు రైతు భరోసా అయినా పడేది పట్టాదారు ఖాతాలోనే. అయిదు లక్షల రైతు బీమా కూడా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే. ఆ చేలో పనిచేస్తూ పాము కరిచి చనిపోయిన కూలి ఇంటికి ఆ బీమా వర్తించదు.

తెలంగాణలో 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టారు, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000, రెండు విడతల్లో. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పనికి పోయి ఉండాలన్నారు. అర గుంట భూమి ఉన్నా పేరు రాలేదని గొడవలయ్యాయి, అవ్వకుండా ఎలా ఉంటాయి!

పనికి పోయే దారిలో ప్రమాదం జరిగితే?

ఇది చాలా చోట్ల జరుగుతున్నదే. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిహేను మంది, ట్రాక్టర్ ట్రక్కులో ముప్పై మంది, పొద్దున మంచులో హైవే దాటడం. వాహనానికి ఇన్సూరెన్స్ ఉన్నా పరిమితికి మించి ఎక్కించారని కంపెనీ పేచీ పెట్టొచ్చు, ట్రాక్టర్ ట్రక్కు మనుషుల్ని ఎక్కించడానికి కాదనొచ్చు. కోర్టుకి పోతే కొంత వస్తుంది, ఏళ్లు పడుతుంది.

చేతిలో ఉన్న పని ఒకటుంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల ఎవరికైనా ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2 లక్షలు. జూన్ 1కి ముందు ఖాతాలో ఆ ఇరవై ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఆ ఏడు కట్ అవదు, బీమా ఉండదు. కర్నూలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇది చెప్పే మనిషే లేడు. మీ తోటకి వచ్చిన గుంపు మేస్త్రీని అడగండి, ఎంతమందికి ఉందో.

ఈసారి నాట్లకి కూలీల్ని ఎప్పుడు మాట్లాడుకోవాలి?

నారు పోసిన రోజే. దమ్ము అయ్యాక వెతికితే రేటు అవతలివాళ్లు చెప్పిందే. పక్క పొలాలవాళ్లు నలుగురు కలిసి ఒక్క గుంపుని పిలిపిస్తే ఆటో కిరాయి, వంట కట్టెల ఖర్చు పంచుకోవచ్చు. గుంపుకి కూడా వారం రోజులు వరసగా పని అని గ్యారంటీ ఉంటుంది, రేటు కొంత తగ్గిస్తారు. నారు మాత్రం నలుగురూ ఒకే రోజు పొయ్యకండి, రెండేసి రోజులు తేడాగా పోసుకోండి. నాటు అయిన సాయంత్రమే డబ్బు ఇచ్చెయ్యండి. వడ్లు అమ్మాక ఇస్తానన్న రైతు పేరు మేస్త్రీ నోట్‌బుక్‌లో వేరే పేజీలో ఉంటుంది, వచ్చే ఏడు ఫోన్ ఎత్తదు.